ట్రిప్ మీటరు: కారంచేడు నుంచి చీరాల దాకా

పోయిన భాగంలో భాగ్యరెడ్డి వర్మ గారి దగ్గర, హైదరాబాద్‌లో ఆపాను. ఈ భాగంలో ఆయన బెజవాడ వెళ్లిన దిక్కుకే పోయి, అక్కడి నుంచి సముద్రం ఒడ్డు దాకా వెళ్దాం. రైలులో కాదు, నా ఆల్టోలో. సెకండ్‌హ్యాండ్ బండి, పదకొండేళ్లది. ఏసీ వేస్తే ఎత్తు ఎక్కనని మొరాయిస్తుంది. ఎనిమిది వందల సీసీ ఇంజను, ముందు ఇద్దరం, వెనక అమ్మ, అమ్మ పక్కన ఇడ్లీల డబ్బా.

అసలు ఈ ప్రయాణం మొదలుపెట్టింది నేను కాదు. మా అన్న కొడుకు రాయదుర్గంలో ఒక కంపెనీలో ఇంటర్న్‌గా చేరాడు, ఆరు నెలలుగా నా దగ్గరే ఉంటున్నాడు. వాడి ఆఫీసులో నలుగురు కుర్రాళ్లు కార్లు వేసుకుని కోస్తా రోడ్డు మీద ట్రిప్ వెళ్లి వచ్చారట. సూర్యలంక బీచ్, రొయ్యల వేపుడు, డ్రోన్ వీడియోలు. వాళ్లు పెట్టిన ఫొటోల్లో ఒక ఊరి బోర్డు కనిపించింది. దాన్ని చూపించి వాడు నన్ను అడిగాడు: "బాబాయ్, కారంచేడంటే అదేనా, నాయనమ్మ ఎప్పుడూ చెప్పే ఊరు? అక్కడ అసలు ఏం జరిగింది?"

మాదాపూర్‌లో టీ తాగుతూ నిలబడి ఉన్నాం. ఎదురుగా సైబర్ టవర్స్. 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి వచ్చి ప్రారంభించిన భవనం. ఇరవై రెండేళ్ల కుర్రాడు, బీటెక్ చదివినవాడు, మా ఇంట్లో పుట్టినవాడు, ఆ ప్రశ్న అడిగాడు. నాకు కోపం రాలేదు, సిగ్గేసింది. పదేళ్ల నుంచి ఊరూరా మీటింగుల్లో మాట్లాడుతున్నాను. మా ఇంట్లో వాడికి ఎవరూ వరసగా కూర్చోబెట్టి చెప్పలేదు. మీ ఇళ్లలో కూడా ఇలాగే ఉండొచ్చు. అందుకే ఇది రాస్తున్నాను.

సరే, బీచ్ కూడా చూద్దాం, మిగతావీ చూద్దాం అన్నాను. అమ్మ ఒక్క షరతు పెట్టింది. "కారంచేడు నించి చీరాలకి మెల్లగా తోలాలి. ఎంత దూరమో నాకు చూపెట్టాలి."

శుక్రవారం రాత్రి గచ్చిబౌలి జంక్షన్‌కి వచ్చాం. నేరుగా పోతే సెంట్రల్ యూనివర్సిటీ. హాస్టల్ నుంచి గెంటేసిన అయిదుగురు పిల్లలు అక్కడ ఆరుబయట గుడారం వేసుకుని దానికి వెలివాడ అని పేరు పెట్టారు. 2016 జనవరి 17న అందులో ఒకడు, రోహిత్ వేముల, గుంటూరు నుంచి వచ్చినవాడు, మనకు లేకుండా పోయాడు. ఐటీ కారిడార్ నడిమధ్యలో వెలివాడ. ఈ మాట ఎవరో కవి కల్పించింది కాదు, పిల్లలు ఫ్లెక్సీ మీద రాసుకున్నది. ఎడమకి తిరిగి ఓఆర్‌ఆర్ ఎక్కాం.

తెల్లవారుజామున పంతంగి టోల్ దాటాం. సంక్రాంతికి ఈ టోల్ దగ్గర కిలోమీటర్ల కొద్దీ కార్లు నిలబడితే టీవీలవాళ్లు హెలికాప్టర్ నుంచి తీసినట్టు చూపిస్తారు కదా, ఆ టోలే. ఫాస్టాగ్ 'టిక్' మంది, గేటు లేచింది. "ఇది మన ఇంటిపేరు అడగలేదు చూశావా" అని మావాడు నవ్వాడు. నిజమే, అడగలేదు. కొండాపూర్‌లో ఇల్లు వెతుక్కుంటున్నప్పుడు ఒక ఓనరు మాత్రం మొదట వెజ్జా నాన్‌వెజ్జా అని, తర్వాత ఏ ఊరని, ఆ తర్వాత ఊళ్లో ఎటువైపని అడిగాడు. మూడో ప్రశ్న దగ్గర నాకు అర్థమై, వద్దులెండి అని వచ్చేశాను.

సొంత బండి అనేది మనకు ఎందుకంత పెద్ద విషయమో మావాడికి సూర్యాపేట దాటాక చెప్పాను. అంబేడ్కర్ గారి చిన్న పుస్తకం ఒకటి ఉంది, 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'. చదవని వాళ్లు ఈ వారమే చదవండి, ఒక్క పూటలో అయిపోతుంది. అందులో బళ్ల కథలే రెండున్నాయి. 1901లో తొమ్మిదేళ్ల భీమ్, అన్న, మేనల్లుడు కలిసి తండ్రి దగ్గరికి గోరేగావ్ బయల్దేరారు. రైలు దిగాక, మహర్ పిల్లలని తెలిసి ఎడ్లబండివాళ్లెవరూ ఎక్కించుకోలేదు. చివరికి ఒకడు ఒప్పుకున్నాడు. రెట్టింపు డబ్బు ఇవ్వాలి, బండి పిల్లలే తోలుకోవాలి, తాను పక్కన నడుస్తాడు. రెండోది 1929, చాలీస్‌గావ్. అప్పటికాయన విదేశాల్లో చదివొచ్చిన బారిస్టరు. అయినా అంటరానివాణ్ణి ఎక్కించుకుని టాంగా తోలనన్నారు బండివాళ్లు. బండి అద్దెకిస్తామన్నారు, తోలేది మాత్రం మీవాళ్లే అన్నారు. అభిమానంతో మనవాడొకడు పగ్గాలు పట్టాడు, అలవాటు లేని చెయ్యి. వంతెన మీద గుర్రం బెదిరింది, అంబేడ్కర్ రాళ్ల మీద పడ్డారు, కాలు విరిగింది. ఒక టాంగావాడి గౌరవం అంతటి మనిషి ప్రాణం కన్నా ఎక్కువైంది.

అమెరికాలోనూ ఇదే సంగతి. నల్లవాళ్లు కారు కొనుక్కున్నా ఏ ఊళ్లో గది ఇస్తారో, ఏ హోటల్లో తిండి పెడతారో తెలియక రోడ్డెక్కడానికి భయపడే రోజుల్లో, విక్టర్ హ్యూగో గ్రీన్ అనే పోస్ట్‌మన్ 1936లో న్యూయార్క్ నుంచి ఒక గైడు అచ్చు వేయడం మొదలుపెట్టాడు. గ్రీన్ బుక్. ఇక్కడ ఆగొచ్చు, ఇక్కడ తినొచ్చు, ఇక్కడ పెట్రోలు పోస్తారు అని చిరునామాలు. ముప్పై ఏళ్లు వచ్చింది. మనకు అలాంటి పుస్తకం ఎవరూ వేయలేదు. మన గ్రీన్ బుక్కంతా అమ్మమ్మల నోట్లోనే ఉంది.

"మరి నేను చెప్పేది అదేగా" అంది వెనక నుంచి అమ్మ. నిద్రపోతోందనుకున్నాను.

బెజవాడలో ఆగి టిఫిన్ చేశాం. 1917 నవంబరు 4, 5, 6 తేదీల్లో ఇక్కడే పంచమ మహాసభ జరిగింది. అధ్యక్షత వహించడానికి హైదరాబాద్ నుంచి వచ్చారు భాగ్యరెడ్డి వర్మ. మేము పంచములం కాదు, ఈ నేలకు మొదటివాళ్లం, ఆది ఆంధ్రులం అని పేరు మార్చింది ఆ సభే. ఆ మూడు రోజులూ కొండ మీద కనకదుర్గ గుడి తలుపులు మూసేశారని చెబుతారు. మనవాళ్లు ఊళ్లోకొస్తే అమ్మవారే తలుపేసుకుందన్నమాట! మావాడు ఫ్లైఓవర్ కింద నుంచి కొండకేసి చాలాసేపు చూశాడు.

ప్రకాశం బ్యారేజీ దాటేటప్పుడు వాడికి ఇంకొకటి చూపించాను. ఇప్పుడున్న బ్యారేజీ 1957 నాటిది. అంతకు ముందు ఇక్కడ 1855లో పూర్తయిన ఆనకట్ట ఉండేది. అంతకు మూడేళ్ల ముందే గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట. కాటన్ దొర విగ్రహాలు ఊరికొకటి ఉన్నాయి, ఉండనివ్వండి. కానీ ఆ నీళ్లు ఎవరి పొలాల్లోకి వెళ్లాయో అడగాలి. కాలువ నీరు భూమి ఉన్నవాడికి వడ్లయింది, పొగాకయింది, వడ్డీకిచ్చిన డబ్బయింది, రైసుమిల్లయింది, సినిమా అయింది, ఇంజినీరింగ్ కాలేజీ అయింది, చివరికి హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ అయింది. నాట్లేసిన వాళ్లకు కూలయింది. సైబరాబాద్ కథ 1998లో మొదలవుతుందని పత్రికలు రాస్తాయి. నన్నడిగితే ఒక కాలు ఈ ఆనకట్ట మీదే ఉంది.

మంగళగిరి పక్కన నీరుకొండ. ఇవాళ అక్కడ ఎస్‌ఆర్‌ఎం విశ్వవిద్యాలయం ఉంది, అద్దాల భవనాలు. 1987 జూలైలో ఆ ఊళ్లో మాలల మీద దాడి జరిగింది. దానికి మూలం ఒక పెళ్లి ఊరేగింపు, కమ్మవాళ్ల వీధి గుండా వెళ్లడం. అంతే. రోడ్డు మీద మేళంతో నడవడం. అక్కడ చదివే పిల్లలెవరైనా ఇది చూస్తుంటే, ఒక సాయంత్రం క్యాంపస్ దాటి పల్లెలోకి వెళ్లి పెద్దవాళ్లతో మాట్లాడండి.

తెనాలి నుంచి చుండూరు దగ్గరే. కారులో పాట కూడా పూర్తవలేదనిపించింది, చేరిపోయాం. 1991 జూలైలో ఆ ఊరి సినిమా హాల్లో గోవతోట రవి అనే చదువుకున్న మాల యువకుడి కాలు ముందు సీట్లో ఉన్న రెడ్ల కుర్రాడికి తగిలింది. దాంతో సాంఘిక బహిష్కరణ. పనులు బంద్. నెల తిరిగేసరికి ఆగస్టు 6. పల్లెలోకి పోలీసులొచ్చారు. మగవాళ్లు పొలాల వెంట పరుగెత్తారు. పొలాల్లో కత్తులతో కాచుకుని ఉన్నారు. ఎనిమిది మందిని నరికి, శవాలను గోనెసంచుల్లో కుక్కి తుంగభద్ర డ్రైన్‌లో, కాలువలో పడేశారు.

ఆ ఎనిమిది మందినీ ఊరి నడుమే సమాధి చేశారు. రక్తక్షేత్రం అంటారు. ప్రతి ఆగస్టు 6న జనం వస్తారు. మేము వెళ్లినప్పుడు ఎవరూ లేరు, ఒక మేక మాత్రం నీడలో పడుకుని ఉంది. మావాడు పేర్లు ఒక్కొక్కటీ పైకి చదివాడు. నేను వాడికి కోర్టు సంగతి చెప్పాను. అత్యాచారాల నిరోధక చట్టం కింద ప్రత్యేక కోర్టును నేరం జరిగిన ఊళ్లోనే పెట్టాలని మనవాళ్లు పట్టుబట్టి సాధించిన చోటు ఇది. పదహారేళ్లకు, 2007 జూలై 31న తీర్పొచ్చింది. 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది.

"అందరినీనా?" అన్నాడు.

"అందరినీ."

"మరి వీళ్లని ఎవరు చంపినట్టు?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. సుప్రీంకోర్టుకు వెళ్లారని మాత్రం చెప్పాను.

పొన్నూరు మీదుగా బాపట్ల చేరేసరికి మధ్యాహ్నం. మాట ఇచ్చాను కాబట్టి సూర్యలంక తీసుకెళ్లాను. అమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని అలల్లో నిలబడింది. ఆమె పుట్టింది ఈ సముద్రానికి అయిదారు మైళ్ల లోపల. అయినా చిన్నప్పుడు బీచికి ఎప్పుడూ రాలేదట. ఎందుకు రాలేదని అడిగితే, "కూలి పోద్దిగా" అంది.

ఇప్పుడు కారంచేడు. చీరాల నుంచి పర్చూరు వెళ్లే రోడ్డు మీద పెద్ద ఊరు. ఇంతకాలం నేను సభల్లో చెప్పింది వేరు, ఆ ఊరి మొదట్లో కారాపి మావాడికి చెప్పడం వేరు. 1985 జూలై 16. మాదిగలు తాగే మంచినీళ్ల చెరువు దగ్గర కమ్మ కుర్రాళ్లు గేదెకు కుడితి పెట్టి, ఆ బకెట్టు ఆ నీళ్లలోనే కడుగుతున్నారు. తాగే నీళ్లని ఒక మాదిగ కుర్రాడు అడ్డం చెప్పాడు. వాణ్ణి కొట్టబోయారు. నీళ్లకొచ్చిన మున్నంగి సువార్త తన మీదికొచ్చిన దెబ్బకు బిందె ఎత్తింది. మరుసటి రోజు పొద్దున, జూలై 17న, వందల మంది మాదిగపల్లె మీద పడ్డారు. ఆరుగురిని చంపారు. ఆడపిల్లల మీద అత్యాచారాలు చేశారు. ఆనాటి ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు గారి వియ్యంకుడి ఊరది.

నీళ్లు అనే మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. 1927లో మహద్‌లో చెరువు. 1934లో అంబేడ్కర్ తోటివాళ్లతో కలిసి బస్సులో యాత్రకొచ్చినప్పుడు, నిజాం రాజ్యంలోని దౌలతాబాద్ కోట దగ్గర తొట్టి నీళ్లతో కాళ్లు కడుక్కున్నందుకు మీదికొచ్చారు. అక్కడి నుంచి 1985 దాకా లెక్కేయండి. దేశంలో మారుతి 800 రోడ్డెక్కి అప్పటికి ఏడాదిన్నర. కంప్యూటర్లు వస్తున్నాయని రాజీవ్ గాంధీ చెబుతున్న ఏడాది.

మా అమ్మ మేనత్తది ఆ పల్లే. ఆ రోజు ఆమె చంకలో ఒక పిల్లతో చీరాల చేరింది. అమ్మ అప్పట్లో చీరాలలో పొగాకు గ్రేడింగు పనికి పోతుండేది. చర్చి ఆవరణలో శిబిరం పెట్టారని తెలిసి, మా పల్లె నుంచి ఇంటికో గుప్పెడు బియ్యం పోగేసి మూట కట్టుకుని వెళ్లారు. అక్కడ మేనత్తను చూసింది. అరికాళ్ల నిండా తుమ్మముళ్లు. అమ్మ ఒక్కొక్కటే పిన్నీసుతో తీసింది. అప్పుడడిగిందట, అంత దూరం ఎట్టా వచ్చావు అని. ఆమె చెప్పలేకపోయింది. చచ్చిపోయేదాకా చెప్పలేదు.

అందుకే అమ్మకు ఆ దూరం కావాలి.

ట్రిప్ మీటరు సున్నా చేశాను. రెండో గేరులో మెల్లగా బయల్దేరాను. వెనక వచ్చేవాళ్లు హారన్లు కొడుతున్నారు, దాటిపోతున్నారు. అమ్మ కిటికీ అద్దం దించి కుడివైపు పొలాల్నే చూస్తోంది. పది నిమిషాలు కాకుండానే చీరాల ఇళ్లు మొదలయ్యాయి. మీటరులో పది కూడా పడలేదు. మావాడు ముందుకు వంగి అంకె చదివి, "ఇంతే నాయనమ్మా, పది కిలోమీటర్లు కూడా లేదు" అన్నాడు. వాడికి అదొక శుభవార్తలా అనిపించినట్టుంది.

"ఆమె రోడ్డు మీద రాలేదురా" అంది అమ్మ. "రోడ్డు మీద వాళ్లు ఉంటారుగా. చేలకి అడ్డంపడి వచ్చింది. ఎటుబడి వచ్చిందో ఆమెకే తెలవదు."

అప్పుడు నాకు వెలిగింది. నేను కొలిచింది వాళ్ల రోడ్డు పొడవు. మేనత్త నడిచిన దూరం ఏ మీటరులోనూ పడదు. కాలువలు దాటి, గట్ల కింద దాక్కుని, పిల్ల ఏడవకుండా నోరు నొక్కి వచ్చిన దూరం అది. మన చరిత్ర రాసేవాళ్లు ఈ తేడా పట్టించుకోవాలి. ఊరి నుంచి ఊరికి ఎంత అన్నది రెవెన్యూ లెక్క. మనకు ఆ ఇద్దరి మధ్య దూరం ఎప్పుడూ చుట్టుదారే.

చీరాల గురించి బడి పుస్తకంలో మీరంతా చదివే ఉంటారు. చీరాల పేరాల ఉద్యమం. 1921. చీరాల, పేరాల కలిపి మునిసిపాలిటీ చేసి బ్రిటిష్‌వాళ్లు పన్నులు పెంచితే, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో వేల మంది ఇళ్లు వదిలేసి ఊరి బయట పాకలేసుకున్నారు. ఆ పాకల ఊరికి రామనగర్ అని పేరు. పదకొండు నెలలున్నారు. గొప్ప పోరాటమే, కాదనను. పరీక్షలో నాలుగు మార్కుల ప్రశ్న అది, నేనూ రాశాను.

అదే చీరాలకు అరవై నాలుగేళ్ల తర్వాత ఇంకొక వలస వచ్చింది. కారంచేడు మాదిగలు ఊరు వదిలేసి వచ్చారు. వెనక్కి రమ్మన్నారు, రాజీ అన్నారు. మేము పోము అన్నారు వీళ్లు. ఆ శిబిరం చుట్టూ ఉద్యమం లేచింది. కత్తి పద్మారావు, బొజ్జా తారకం వచ్చారు. హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరుగా ఉన్న తారకం గారు ఆ పదవికి రాజీనామా చేసి వచ్చారు. దళిత మహాసభ పుట్టింది. 1989 చట్టం వెనక ఆ గొంతులున్నాయి. శిబిరంలోని వాళ్లకు చీరాలలోనే ఇళ్లొచ్చాయి, విజయనగర్ కాలనీ అయింది. సుప్రీంకోర్టు తీర్పు రావడానికి 2008 డిసెంబరు దాకా పట్టింది. ఒకరికి యావజ్జీవం, 29 మందికి మూడేళ్లు.

రామనగర్ వాళ్లు పదకొండు నెలలకు ఇళ్లకు వెళ్లిపోయారు. వాళ్లకు వెళ్లడానికి ఇళ్లున్నాయి. విజయనగర్ వాళ్లు వెనక్కి వెళ్లలేదు. ఊరిని కాదన్నారు. భూస్వామి పొలంలో తరతరాలుగా వంగిన నడుం, ఇక వంగనని పక్క ఊళ్లో లేచి నిలబడింది. పన్ను కట్టనని ఊరు వదలడం సహాయ నిరాకరణ అయితే, ఇదేమిటి? మొదటిదానికి పుస్తకంలో పాఠముంది. రెండోదానికి ఒక పేరా కూడా లేదు. మావాడు ఆ మునిసిపాలిటీ పాఠం చదివాడు, మార్కులు తెచ్చుకున్నాడు, తన నాయనమ్మ మేనత్త సంగతి తెలియకుండా మాదాపూర్ దాకా వచ్చాడు.

కాలనీలో సాయంత్రం దాకా ఉన్నాం. అమ్మకు తెలిసినవాళ్లు ఇద్దరే మిగిలారు. ఒక పెద్దావిడ అమ్మ చేతులు పట్టుకుని, మాటల మధ్యలో మావాణ్ణి చూసి "ఈడెవరు?" అంది. "మా పెద్దోడి కొడుకు, హైదరాబాద్‌లో కంప్యూటరు పని" అని అమ్మ చెప్పింది. "మా మనవడూ ఆడే ఉన్నాడు, గచ్చిబౌలిలో. కారు తోలతాడు, రాత్రిళ్లు ఆఫీసోళ్లని దింపుతాడు" అందావిడ. మావాడు ఫోన్ తీసి నంబరు రాసుకున్నాడు. వాడు రోజూ రాత్రి క్యాబ్‌లోనే ఇంటికొస్తాడు.

చీకటి పడేముందు బయల్దేరాం. ఇక్కడి నుంచి 216 జాతీయ రహదారి సముద్రం పక్కగా బాపట్ల, రేపల్లె, మచిలీపట్నం మీదుగా కోనసీమకు పోతుంది. ఒక జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టారని 2022 మే 24న ఇళ్లు తగలబెట్టిన అమలాపురం ఆ దారిలోనే ఉంది. అక్కడి సంగతులు వచ్చే భాగంలో.

ట్రిప్ మీటరు మళ్లీ సున్నా చేయబోతే మావాడు నా చెయ్యి పట్టుకున్నాడు, "ఉండనీ బాబాయ్" అని. వెనక సీట్లో అమ్మ చెప్పులు విప్పి, కాళ్లు పైకి పెట్టుకుని, మిగిలిన ఇడ్లీల డబ్బా మూత తీసింది.